ఆపరేషను తరువాత ఉగాదికి ఊరెళుతున్నారా?

ఉగాది వస్తున్నదంటే హైదరాబాదులో స్థిరపడిన కర్నూలు, కడప వాళ్లకు కాలు నిలవదు. అమ్మ చేతి ఓళిగలు, పెరట్లో వేపపూత, దేవుని కడపలో దర్శనం రా రమ్మని పిలుస్తుంటాయి. ఏటా చేసే ప్రయాణమే. అయితే ఈ ఏడు ఒక తేడా ఉంది. బరువు తగ్గడానికని మీరు ఈమధ్యనే పొట్టకు ఆపరేషను చేయించుకున్నారు. వెళ్లవచ్చునా? వెళితే ఏం తినాలి? అక్కడ నలుగురికీ ఏమని చెప్పాలి?

మొదటి రెండు ప్రశ్నలూ మీరు డాక్టరుగారిని తప్పక అడుగుతారు. మూడోది అడగరు. నిజం చెప్పాలంటే ప్రాణం మీదికి తెచ్చేది ఆ మూడోదే. ఎందుకన్నది కడప చేరిన తరువాత చెబుతాను. ముందు ప్రయాణం సంగతి చూద్దాం.

బయలుదేరే ముందు

ఈ ఆపరేషన్లలో మన దగ్గర ఎక్కువగా చేసేవి రెండు. ఒకటి స్లీవ్. ఇందులో జీర్ణాశయంలో ముప్పాతిక వంతు పైగా తీసేసి, మిగిలినదాన్ని అరటిపండు ఆకారంలో సన్నని గొట్టంలాగా ఉంచుతారు. రెండవది బైపాస్. జీర్ణాశయం పైభాగాన చిన్న సంచీ మాత్రం మిగిల్చి, దాన్ని చిన్నపేగుకు కలుపుతారు. ఈ రెండో పద్ధతికి 1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయంలో డాక్టర్ ఎడ్వర్డ్ మేసన్ శ్రీకారం చుట్టారు. ఇప్పుడు రెండూ చిన్న చిన్న రంధ్రాల గుండానే చేస్తున్నారు గనుక పైన గాయం త్వరగానే మానిపోతుంది. వారం తిరిగేసరికి లేచి తిరుగుతుంటారు. "ఇంకేముంది, బాగైపోయింది" అనుకుంటారు.

ఇక్కడే పొరపాటు పడకండి. పైగాయం మానినంత మాత్రాన లోపలి కుట్లు గట్టిపడ్డాయని కాదు. కుట్టు దగ్గర కారడం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం అనే రెండు పెద్ద ప్రమాదాలకూ మొదటి నెలే ముఖ్యమైన కాలం. అందుచేత కనీసం నాలుగు వారాలు గడిచి, మీ సర్జనుగారు చూసి సరే అంటేనే దూరప్రయాణం పెట్టుకోండి. విమానమైనా, కారైనా, బస్సైనా ఇదే మాట.

నాలుగు వారాలు కాలేదా? దిగులు పడకండి. ఉగాది వెళ్లిన పదిహేను రోజులకు చైత్ర పున్నమి వేళ ఒంటిమిట్టలో సీతారాముల కల్యాణం ఉంది. అది రాత్రిపూట జరిగే కల్యాణం. రాష్ట్ర విభజన తరువాత 2015 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ లాంఛనాలతో జరుగుతున్నది. కడపకు సుమారు పాతిక కిలోమీటర్లే. అమ్మకు ఫోను చేసి, "ఉగాదికి కాదమ్మా, రాములవారి పెళ్లికి వస్తాను" అనండి. ఆ రెండు వారాల్లో లోపలి కుట్లు మరింత గట్టిపడతాయి. అప్పటికి నాలుగు వారాలు నిండి ఉంటే మీరు మెత్తని అన్నం, పప్పు తినే దశకు కూడా దగ్గరపడి ఉంటారు.

హైదరాబాదు నుంచి కర్నూలు: కాళ్లు జాగ్రత్త

కర్నూలు దాకా రెండు వందల పది కిలోమీటర్లు, అక్కడినుంచి కడపకు మరో రెండు వందలు. దారి బాగుంది గదా అని ఒకే ఊపున పోవాలని చూడకండి. కదలకుండా కూర్చుంటే పిక్కల్లో రక్తం నిలిచి గడ్డకట్టే అవకాశం ఉంది. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో చిక్కుకుంటే ప్రాణాపాయం. గంటకోసారి, మరీ కాకపోతే గంటన్నరకోసారి, కారు ఆపించి అయిదు నిమిషాలు నడవండి. కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడిస్తుండండి. రక్తం పలచబడేందుకు ఇంజక్షన్లు రాసి ఉంటే ప్రయాణంలో ఒక్క మోతాదు కూడా మానకండి. వాటిని ఎండలో నిలిపిన కారులో వదలకండి. మీరు స్వయంగా కారు నడపకండి. పెట్టెలు మోయకండి. సీటు బెల్టు పొట్టకు ఒరుసుకుంటుంటే మధ్యన మెత్తని తువ్వాలు పెట్టుకోండి గాని బెల్టు మానవద్దు.

రైలు దొరికితే మరీ మంచిది. కాచిగూడలో ఎక్కితే కర్నూలు, డోన్, గుత్తి, తాడిపత్రి, ఎర్రగుంట్ల మీదుగా కడప చేరుస్తుంది. కింది బెర్తు తీసుకోండి. పెట్టెలో అటూ ఇటూ నడవడానికి వీలుంటుంది, మరుగుదొడ్డి దగ్గర ఉంటుంది.

కర్నూలు నుంచి నంద్యాల: నీళ్లు జాగ్రత్త

తుంగభద్ర వంతెన దాటి, కొండారెడ్డి బురుజును పలకరించి నంద్యాల దారి పట్టారు. ఓర్వకల్లు దగ్గర నల్లని బండరాళ్లు ఎండకు మెరుస్తుంటాయి. ఉగాది నాటికే ఈ సీమలో ఎండ నలభై డిగ్రీలను తాకుతుంటుంది. ఇదివరకైతే దాహమేసినప్పుడు చెంబెత్తి గటగటా తాగేసేవారు. ఇప్పుడు మీ పొట్ట చెంబెడు నీళ్లు పట్టదు. ఒక్కసారిగా తాగితే నొప్పి, వెంటనే వాంతి. వాంతి భయంతో తాగడం మానేస్తారు. తాగకపోతే ఒళ్లు ఎండిపోతుంది, తల తిరుగుతుంది, మూత్రం పచ్చబడుతుంది. ఆపరేషను అయినవాళ్లు మళ్లీ ఆసుపత్రికి రావడానికి ముఖ్య కారణాల్లో ఇలా నీరు తగ్గిపోవడం ఒకటి.

ఉపాయం చిన్నదే. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా నీళ్లు కావాలి. రెండు గుక్కలు తాగండి, రెండు మూడు నిమిషాలు ఆగండి, మళ్లీ రెండు గుక్కలు తాగండి. సీసా చేతిలోనే ఉండాలి, డిక్కీలో కాదు. పలుచని మజ్జిగలో చిటికెడు ఉప్పు వేసి పోసుకోండి. చెరుకు రసం, సోడా, కూల్ డ్రింకుల జోలికి పోకండి. తిండితో పాటు నీళ్లు తాగవద్దు. తినడానికి అరగంట ముందు ఆపి, తిన్న అరగంట తరువాత మొదలుపెట్టండి. బి.పి.కి, షుగరుకు మాత్రలు వాడుతుంటే, ఆపరేషను తరువాత వాటి మోతాదు తగ్గించవలసి రావచ్చు. పాత చీటీ ప్రకారం మింగకుండా బయలుదేరే ముందే అడిగి తెలుసుకోండి. మూత్రం ఎక్కువగా పోయించే బి.పి. మాత్రలున్నాయేమో ముఖ్యంగా అడగండి.

ఈ దారిన మీకు కె.సి. కాలువ తగులుతుంది. కర్నూలు, కడప పేర్లు రెండూ కలుపుకున్న ఈ కాలువను 1860లలో ఒక ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీటిని మళ్లించి ఈ ఎండు నేలకు పారించారు. అందులో నీరున్నా లేకపోయినా మీ సీసాలో మాత్రం నీరుండాలి సుమా!

ఈసారికి వద్దు

నంద్యాల రాగానే, "మహానంది ఇక్కడే గదా, ఒక్క మునక వేసి పోదాం" అంటారెవరో. కోనేటి నీరు అద్దంలా ఉంటుంది, నిజమే. అయినా గాయాలు పూర్తిగా మాని పొక్కులు రాలిపోయేదాకా మునకలు వద్దు. నీళ్లు చల్లుకుని నమస్కరించండి. ఆళ్లగడ్డ దగ్గర అహోబిలం దారి చీలుతుంది. దిగువ అహోబిలంలో దర్శనం చేసుకోండి గాని, ఉగ్రస్తంభం కొండ ఎక్కే ఆలోచన ఈ ఏడు మానండి. బెలుం గుహలు మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. భూమి లోపల ఉక్క, చెమట. అదీ మరో ఏడాదికే. మీ ఒంట్లో బలం ఇంకా అప్పు మీద నడుస్తున్నదని మరచిపోకండి.

కడపలో విస్తరి ముందు

ఇల్లు చేరారు. అమ్మ గుమ్మంలోనే నిలదీస్తుంది. "ఏందమ్మా, ఇట్లా చిక్కి పుల్లయిపోతివి! ఇంగొక్క ఓళిగ ఏసుకో."

ఓళిగలనండి, భక్ష్యాలనండి, బెల్లం పూర్ణమే గదా. బైపాస్ అయినవాళ్లకు అంత తీపి ఒక్కసారిగా పేగులోకి జారిపోయి అరగంట లోపే గుండె దడ, చెమటలు, కడుపులో మెలిక, విరేచనం పట్టుకోవచ్చు. స్లీవ్ అయినవాళ్లకు కూడా కొందరికి ఇలా అవుతుంది. అందుచేత ఓళిగ ఈసారికి దేవుడికి పెట్టండి. ఉగాది పచ్చడి నాలుకకు తగిలిస్తే చాలు, శాస్త్రం తీరుతుంది. ఎర్రకారం దోసె, ఉగ్గాని బజ్జీ, నాటుకోడి పులుసు కూడా ఇప్పుడు కాదు.

మరి తినేదేమిటి? సాధారణంగా మొదటి రెండు వారాలూ ద్రవాలు, తరువాతి రెండు వారాలూ మెత్తగా రుబ్బినవి, అయిదారు వారాల్లో మెత్తని తిండి. మీ డాక్టరుగారి చీటీలో తేడా ఉంటే ఆ చీటీయే ప్రమాణం. రాయలసీమ వంటింట్లో మీకు పనికొచ్చేవి చాలా ఉన్నాయి. గట్టి సంగటి ముద్ద గొంతు దిగి అడ్డం పడుతుంది గాని, అదే రాగిపిండితో మజ్జిగ కలిపి కాచిన పలుచని జావ హాయిగా దిగుతుంది. కారం లేకుండా మెత్తగా ఎనిపిన పప్పు, పెరుగు, మెత్తగా ఉడికి చిదిపిన గుడ్డు మంచివి. రోజుకు అరవై గ్రాముల మాంసకృత్తులు తగ్గకూడదు. ఒక గుడ్డులో ఆరు గ్రాములే ఉంటాయి గనుక డాక్టరుగారిచ్చిన ప్రోటీను పొడి డబ్బా ఇంట్లో మరచిపోకండి. విటమిను మాత్రలూ అంతే. చిన్న చెంచాతో తినండి. ఇరవై నిమిషాలు తీసుకోండి. "చాలు" అని కడుపు అన్నాక మరో ముద్ద పెట్టుకోకండి.

దేవుని కడపకు తెల్లవారుజామునే వెళ్లండి. ఉగాదినాడు అక్కడ ముస్లిం కుటుంబాలు కూడా బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడబిడ్డగా భావించి కొబ్బరికాయతో వస్తాయి. చూడవలసిన సంగతే. కాని ఎండలో గంటల తరబడి క్యూలో నిలబడవద్దు. కళ్లు తిరిగితే సిగ్గుపడకుండా కూలబడిపోండి.

ఇక ఆ మూడో ప్రశ్న

చాలామంది ఈ ఆపరేషను సంగతి బంధువులకు చెప్పరు. "కొవ్వు కోయించుకుందట" అని నవ్వుతారని భయం. "ఏదో గ్యాస్ ట్రబుల్" అంటారు. మొహమాటానికి ఒక ఓళిగ తింటారు. వాంతి అవుతుంది. మర్నాడు మళ్లీ అవుతుంది. రెండు మూడు రోజులు ఏదీ నిలవదు. ఇంట్లోవాళ్లు వీధి చివర డాక్టరు దగ్గరకు తీసుకెళతారు. "నీరసంగా ఉంది, గ్లూకోజు ఎక్కించండి" అంటారు. ఆపరేషను మాట ఎవరికీ తెలియదు గనుక ఆయన ఎక్కిస్తాడు.

ప్రమాదం ఇక్కడుంది. బి-1 విటమిను, అంటే థయామిన్, మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి నిలవ ఉండదు. తిండి తగ్గి, వాంతులు పట్టుకుంటే అది అడుగంటిపోతుంది. ఆ స్థితిలో వట్టి గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కాస్తా ఖర్చయిపోయి మెదడుకు దెబ్బ తగలవచ్చు. చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మాట తడబడడం దాని గుర్తులు. ఆలస్యమైతే ఆ నష్టం పూర్తిగా తీరదు. ముందు థయామిన్ ఇంజక్షను, ఆ తరువాతే గ్లూకోజు. ఈ ఒక్క మాట డాక్టరుకు అందితే ముప్పు తప్పుతుంది.

అలాగే ఒళ్లునొప్పులని మందుల షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి వేసుకోకండి. కొత్త కుట్టు దగ్గర పుండు పడుతుంది. పారాసిటమాల్ చాలు.

కనుక ఒక చీటీ రాయండి. ఏ ఆపరేషను, ఏ తేదీన, సర్జనుగారి ఫోను నంబరు, వాడే మందులు. కింద మూడు వాక్యాలు: "వాంతులైతే గ్లూకోజుకు ముందు థయామిన్ ఇవ్వాలి. నొప్పి మందులు, పారాసిటమాల్ తప్ప, వద్దు. సర్జనును అడగకుండా ముక్కు గొట్టం వేయవద్దు." దాన్ని పర్సులో పెట్టుకోండి. ఊరంతటికీ చెప్పనక్కరలేదు. ఇంట్లో ఒక్కరికి, అమ్మకో వదినకో, తప్పక చెప్పండి.

జ్వరం, విడవని కడుపునొప్పి, ఎడమ భుజం నొప్పి, కూర్చున్నా ఆగని గుండె దడ, ఆయాసం, ఒక్క కాలే వాచడం, రోజంతా గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోవడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగవద్దు. 108కి ఫోను చేయండి. కర్నూలు, నంద్యాల, కడప మూడు చోట్లా వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. కడప ఆసుపత్రిని అక్కడివాళ్లు రిమ్స్ అనే అంటారు. చీటీ చేతికివ్వండి.

చివరగా అమ్మలకొక మాట. మీ బిడ్డ విస్తరిలో వదిలేసిన ఓళిగను చూసి నొచ్చుకోకండి. ఆమె మీ వంట కాదన్నట్టు కాదు. గిన్నెడు పలుచని రాగి జావ కాచి పక్కన పెట్టి, "నిదానంగా తాగమ్మా" అనండి. ఈ ఉగాదికి ఆమెకు అదే పండుగ భోజనం. ఓళిగలకు పై ఏడు ఉండనే ఉంది.