చిహ్నం వెనుక మనిషి

హైదరాబాదులోని మాదాపురంలో ఉదయం తొమ్మిదయ్యేసరికి వీధులన్నీ మెడలో గుర్తింపు కార్డులు ధరించిన యువతీయువకులతో నిండిపోతాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతానికి అబ్బిన అలంకారమిది. ఎవరి కొలువులో ఉన్నారో తెలియజేయడం చిహ్నం పని. ఉద్యోగి కార్డు మీద పేరైనా ఉంటుంది. సైనికుని టోపీ మీది చిహ్నానికి అదీ లేదు. కనుకనే పాత సైనిక దుస్తులను, చిహ్నాలను సేకరించేవారిపై ఒక బాధ్యత ఉంది. వస్తువుతో పాటు దాని వృత్తాంతాన్ని కూడా వారు భద్రపరచాలి.

పదిహేడవ శతాబ్దంలో మచిలీపట్టణం, భీమునిపట్టణాలలో వర్తకస్థావరాలు నెలకొల్పిన డచ్చివారు తెలుగునేలకు పరిచితులే. వారి దేశమైన నెదర్లాండ్స్ రాజచిహ్నం ఖడ్గాన్నీ, బాణాలనూ ధరించిన సింహం. రెండవ ప్రపంచయుద్ధ ప్రారంభంలో ఆ దేశ సైనికుల ఉక్కుటోపీల ముందుభాగాన సింహముద్ర గల బిళ్ల ఉండేది. 1940 మే 10న జర్మనీ దండెత్తింది. ఐదు రోజులలో డచ్చి సైన్యం లొంగిపోయింది. శత్రువుల చేత చిక్కిన టోపీలలో కొన్ని సింహాన్ని కోల్పోయి, జర్మనుల అవసరాలకు వినియోగపడ్డాయి. నేడు అటువంటి టోపీ దొరికితే కొత్త బిళ్ల అతికించి అందంగా అమర్చే సేకర్త ఒకడు. బిళ్ల ఊడిన జాడను అలాగే ఉంచి, అది ఎక్కడ, ఎవరి వద్ద లభించిందో వ్రాసిపెట్టే సేకర్త మరొకడు. మొదటివాని చేతిలో టోపీ నిండుగా కనిపిస్తుంది, కాని ఓటమిని చెప్పే సాక్ష్యం చెరిగిపోతుంది.

హైదరాబాదుకూ ఒక సింహం కథ ఉంది. ఇక్కడ ఆంగ్ల రెసిడెంటుగా ఉండిన హెన్రీ రస్సెల్ 1813లో నిజాం సేవకై ఒక సేనను ఏర్పరచాడు. దాని వారసత్వంతోనే 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంటు రూపొందింది. 1945లో అది కుమావూ రెజిమెంటుగా మారింది. నగరం పేరు తొలగిపోయినా, రస్సెల్ వంశచిహ్నంలోని సింహం ఆ రెజిమెంటు చిహ్నంలో నిలిచిపోయింది. 1942లో హైదరాబాద్ రెజిమెంటులో అధికారిగా చేరిన సోమనాథ్ శర్మ, 1947 నవంబరు 3న కాశ్మీరులోని బడ్గాం వద్ద, ఎడమచేతికి పిండికట్టు ఉండగానే పోరాడి వీరమరణం పొందారు. తొలి పరమవీర చక్ర పురస్కారం ఆయనదే.

హైదరాబాద్ రెజిమెంటు నాటి చిహ్నమొకటి జుమ్మేరాత్ బజారు వంటి పాతసామానుల సంతలో కనబడిందనుకుందాం. అది అసలుదో నకిలీదో పరీక్షించడం అవసరమే. అంతకంటె ముందు అమ్మేవానిని, "ఇది ఎవరింటి నుండి వచ్చింది నాయనా?" అని అడగడం ముఖ్యం. ఆ సమాధానం ఆనాడే వ్రాసుకోకపోతే మరునాటికి అడగడానికి ఆ మనిషి దొరకకపోవచ్చు. ఇత్తడి తుప్పును తుడిచివేయవచ్చు. మరచిపోయిన సైనికుని పేరును తిరిగి తేవడం ఎవరి తరమూ కాదు.