నాలుగున్నర వేల రేజరు మీద మా రూములో పంచాయితీ

ఇక్కడ ఎప్పుడూ స్కాలర్‌షిప్ తేదీలు, నోటిఫికేషన్లు, పోడు పట్టాల సంగతులే పెడతాం. ఈసారి గడ్డం గీసుకునే రేజర్ల గురించి రాస్తున్నాం. నవ్వేటోళ్లు నవ్వుకోండి గానీ మొత్తం చదవండి. మనలో చాలామంది జేబుకూ ముఖానికీ సంబంధించిన ముచ్చట ఇది.

హనుమకొండలో మా హాస్టల్ రూములో నలుగురం ఉంటాం. ఒకడు ఉట్నూరు వైపు, ఒకడు ఏటూరునాగారం, ఒకడు చర్ల, ఒకడు గూడూరు. నలుగురికీ గడ్డం ఒక్క తీరుగా రాదు. చర్ల వాడికి గదవ మీద ఎంచితే ఇరవై వెంట్రుకలు ఉంటాయేమో, వాడు గీసుకున్నా గీసుకోకపోయినా ఎవరికీ తెలియదు. ఉట్నూరు వాడికి మాత్రం దట్టంగా, ఉంగరాలు తిరిగి వస్తుంది. గీసుకున్న రెండో రోజుకల్లా మెడ మీద, దవడ కింద ఎర్రగా పొక్కులు లేస్తాయి. క్లాసులో ఒకరిద్దరు "ఏందిరా అది, అంటుకుంటదా?" అని అడిగారు. అప్పటినుంచి వాడు ముందు బెంచీలో కూర్చోవడం మానేశాడు. సెమినార్‌లో తన పేపరు ఇంకొకరితో చదివించాడు. కాబట్టి వాడికి ఇది సోకు సంగతి కాదు, ముందు ఆ మాట చెప్పాలి.

స్కాలర్‌షిప్ పడగానే వాడు ఫోన్‌లో ఒక రేజరు చూపించాడు. మెర్కూర్ 34సీ, జర్మనీలోని జోలింగెన్ ఊరిది. కత్తులకు, కత్తెరలకు పేరుమోసిన ఊరు అది. ధర నాలుగున్నర వేలు. వీడియోల్లో చెప్పేవాళ్లంతా "ఒక్కసారి కొంటే జీవితాంతం, పైగా డబ్బు మిగులుతుంది, పొక్కులు పోతాయి" అంటున్నారు. అక్కడ మొదలైంది పంచాయితీ. రెండు వారాలు నడిచింది.

మొదట చర్ల వాడు తునికాకు లెక్క తీశాడు. కట్టకు మూడు రూపాయల చొప్పున చూసినా నాలుగున్నర వేలంటే 1,500 కట్టలు. కట్టకు 50 ఆకులు, అంటే 75 వేల ఆకులు. "మీ అమ్మ మే నెల ఎండలో 75 వేల ఆకులు తెంపి కట్టాలె, నీ గడ్డం కోసం" అన్నాడు. రూములో ఎవరూ మాట్లాడలేదు. లెక్క తప్పు కాదు గానీ, ఆ లెక్క పెట్టి నోరు మూయించడం మాలో మిగిలినవాళ్లకు నచ్చలేదు. అట్ల చూస్తే మన చేతుల్లో ఫోను కూడా ఉండకూడదు. మంచి వస్తువు కావాలనుకోవడం మనోళ్లకు మాత్రమే తప్పెట్ల అవుతుంది? అయితే ఆ డబ్బుకు నిజంగా ఏం వస్తుందో చూడాలి. అందుకే కూర్చొని చదివాం, అడిగాం, చేతిలో పట్టుకొని కూడా చూశాం.

ముందు కొంచెం పాత కథ. ఇప్పుడు మనం వాడే సన్నని రెండంచుల బ్లేడు, దాన్ని పట్టే రేజరు అమెరికాలో కింగ్ క్యాంప్ జిలెట్ అనే ఆయన పేరు మీద వచ్చాయి. పేటెంట్ 1904 నవంబరులో దక్కింది. అప్పట్లో దాని ధర అయిదు డాలర్లు, అక్కడి కూలోళ్ల వారం సంపాదనలో పెద్ద భాగం. అంటే ఈ రకం రేజరు మొదట్లోనే ప్రీమియం సరుకు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా ప్రభుత్వం తన సైనికుల కోసం 35 లక్షల రేజర్లు తీసుకుంది, అలా అది ఇంటింటికీ పాకింది. 1921లో పేటెంట్ గడువు తీరింది. ఆ తర్వాత ఎవరైనా ఆ కొలతలతో బ్లేడు చేసుకోవచ్చు. ఈ రోజు జపాన్ ఫెదర్ బ్లేడు, మన దేశపు సూపర్‌మ్యాక్స్, సెవెన్ ఓ క్లాక్ అన్నీ ఒకే రేజర్‌లో పడతాయంటే కారణం అదే. బ్లేడు రెండు మూడు రూపాయలకు దొరకడానికి కారణం కూడా అదే. మూడు బ్లేడ్లు, అయిదు బ్లేడ్ల కార్ట్రిడ్జి అట్ల కాదు. ఒక కంపెనీది ఇంకో కంపెనీ హ్యాండిల్‌కు పట్టదు. హ్యాండిల్ కొన్నాక వాళ్లు చెప్పిందే ధర.

ఇప్పుడు "డబ్బు మిగులుతుంది" అనే మాట చూద్దాం. వారానికి రెండుసార్లు గీసుకుంటే ఏడాదికి 104 సార్లు. బ్లేడు నాలుగుసార్లు వస్తుందనుకుంటే 26 బ్లేడ్లు, మూడు రూపాయల చొప్పున 78 రూపాయలు. ఒక్కోటి 120 రూపాయల కార్ట్రిడ్జి పదిసార్లు వస్తుందనుకుంటే ఏడాదికి దగ్గరదగ్గర 1,250. తేడా సుమారు 1,170. మెర్కూర్ ధర తిరిగి రావడానికి నాలుగేళ్లకు కొంచెం తక్కువ పడుతుంది. వీడియోల వాళ్లు చెప్పేది ఈ లెక్కే. కానీ ఇది ఇప్పటికే ఖరీదైన కార్ట్రిడ్జీలు కొనేవాళ్ల లెక్క. మన హాస్టళ్లలో ఆ కార్ట్రిడ్జీలు వాడేదెంతమంది? తెలంగాణ హాస్టళ్లలో అబ్బాయిలకు సబ్బు, నూనె, కటింగ్ అన్నీ కలిపి కాస్మెటిక్ ఛార్జీలు 2024 నవంబరులో పెంచేదాకా నెలకు 62 రూపాయలు. అందులో పెరిగినోళ్లం మనం. 2010లో జిలెట్ వాళ్లు మనలాంటోళ్ల కోసమే గార్డ్ అనే ఒంటి బ్లేడు రేజరు తెచ్చారు, రేజరు 15 రూపాయలు, బ్లేడు 5. ఇప్పుడు ధర పెరిగినా మనలో సగం మంది అదే వాడతారు. గార్డ్ వాడేవాడు నాలుగున్నర వేల రేజర్‌కు మారితే మిగిలేది ఏమీ లేదు, ఖర్చే. మిగులు లెక్క చూపించి మనకు అమ్మాలని చూస్తే నమ్మకండి.

ఇక పొక్కుల సంగతి. ఉట్నూరు వాడు నిరుడు వాడింది మూడు బ్లేడ్ల కార్ట్రిడ్జి, అది కూడా పొక్కులు పోవాలనే. అది పనిచేసే తీరు ఏందంటే, మొదటి బ్లేడు వెంట్రుకను పట్టి కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి పోయేలోపు తర్వాతి బ్లేడు కోస్తుంది. తెగిన కొస చర్మం లోపలికి జారుతుంది. ముఖం నున్నగా ఉంటుంది నిజమే. కానీ ఉంగరాల వెంట్రుక మళ్లీ పెరిగేటప్పుడు నేరుగా బయటికి రాకుండా పక్కకు తిరిగి చర్మంలోనే గుచ్చుకుంటుంది. అదే పొక్కు. అంటువ్యాధి కాదు, మురికి కాదు. క్లాసులో ఎవరైనా అడిగితే ఈ ముక్క చెప్పండి చాలు. వాడు చూపించుకున్న చర్మం డాక్టరు కూడా ముందు నాలుగు వారాలు గడ్డం ముట్టుకోవద్దని, తర్వాత ఒంటి బ్లేడుతో, వెంట్రుక వాలిన వైపుకే గీసుకోమని చెప్పారు. గమనించండి, ఆయన ఒంటి బ్లేడు అన్నారు, జర్మనీ బ్లేడు అనలేదు.

మరి ఖరీదైన రేజరు దేనికి ఖరీదు? గీసేది బ్లేడు. రేజరు చేసే పని బ్లేడును వంచి, కదలకుండా, చర్మానికి సరైన వాలులో పట్టడం. బ్లేడు అంచు ఎంత బయటికి ఉంది, బ్లేడుకూ కింది ప్లేటుకూ మధ్య సందు ఎంత, ఈ రెండింటిని బట్టే రేజరు మెత్తగా పోతుందా, కొరుకుతుందా అన్నది ఉంటుంది. ఆ కొలత రెండు అంచులకూ ఒకేలా ఉండాలి. చవక రేజర్లలో పోయేది ఇక్కడే, ఒక అంచు ఎక్కువ బయటికి, ఇంకో అంచు తక్కువ.

అది సరిగ్గా చెయ్యడానికి డబ్బు ఖర్చవుతుంది, ఒప్పుకుంటాం. కెనడాలో తయారయ్యే హెన్సన్ రేజరు అల్యూమినియం దిమ్మెను యంత్రం మీద చెక్కి చేస్తారు, విమానాల భాగాలు చేసిన అనుభవం వాళ్లది. బ్లేడు అంచు చాలా కొంచెమే బయటికి కనబడుతుంది కాబట్టి కొత్తవాళ్లకూ తెగదని పేరు. రాక్‌వెల్ 6ఎస్ స్టెయిన్‌లెస్ స్టీలుది, ప్లేట్లు మార్చుకుంటే ఆరు రకాల పట్టు వస్తుంది. జపాన్ ఫెదర్ వాళ్లకు కూడా స్టీలు రేజరు ఉంది. ఇవి మెర్కూర్ కంటే ఇంకా ఎక్కువ ధర. మరోవైపు మెర్కూర్ 34సీ, జర్మనీదే ఇంకొకటి మూలె ఆర్89, ఇంగ్లండ్ ఎడ్విన్ జాగర్ డీఈ89, వీటి తలలు జామాక్‌వి. జామాక్ అంటే ప్రధానంగా జింకు, దాంట్లో అల్యూమినియం, మెగ్నీషియం, రాగి కొంచెం కొంచెం, పైన క్రోమ్ పూత. పోత పోయడానికి సులువు, చూడ్డానికి మెరుస్తుంది. పూత గీరుకుపోతే మాత్రం లోపలి లోహాన్ని నీళ్లు తినేస్తాయి. గట్టి గచ్చు మీద పడితే మర ఉన్న కాడ పుటుక్కున విరిగే ప్రమాదం కూడా ఉంది. మన హాస్టల్ బాత్రూంలు తెలిసినవే కదా, సబ్బు పెట్టుకోవడానికే గూడు లేదు, బోరు నీళ్లకు బకెట్ల అంచులే తెల్లగా పేరుకుపోతాయి. "జీవితాంతం" అనే మాట స్టీలుకు, ఇత్తడికి చెల్లుతుంది. జామాక్‌కు జాగ్రత్తగా వాడితేనే. నాలుగున్నర వేలు పెట్టి జామాక్ కొనడం మాకు దండగ అనిపించింది.

అనిపించడం ఒకటి, చూడడం ఒకటి. బ్యాంకు ఉద్యోగం చేస్తున్న మన ఊళ్ల వైపు అన్న ఒకాయన దగ్గర మెర్కూర్ ఉంది. పండక్కి వచ్చినప్పుడు నాలుగు రోజులు ఇచ్చిపోయాడు. మా దగ్గర 350 రూపాయల క్రోమ్ రేజరు ఉంది, అదీ జామాకే. రెండింటిలో ఒకే పాకెట్‌లోని సెవెన్ ఓ క్లాక్ బ్లేడ్లు పెట్టాం. ఒక్కొక్కరికి కొత్త బ్లేడు, మనిషి మారిన ప్రతిసారీ రేజరు విప్పి మరిగిన నీళ్లలో కడిగి, స్పిరిట్‌తో తుడిచాం. ఒకరి బ్లేడు ఒకరు వాడొద్దని గట్టిగా చెబుతున్నాం, హెపటైటిస్ బి, హెచ్‌ఐవి రక్తంతో వచ్చేవే. సెలూన్‌లో కూడా కొత్త సగం బ్లేడు కళ్ల ముందు పెట్టించుకోండి.

ఏం తేలింది? చర్ల వాడికి ఏ తేడా తెలియలేదు, తెలుస్తుందని మేమూ అనుకోలేదు. ఏటూరునాగారం, గూడూరు వాళ్లకు మెర్కూర్ బరువు నచ్చింది, నొక్కకుండానే పోతుంది అన్నారు, గీసుకున్న తర్వాత ముఖం మాత్రం ఒకటే. ఉట్నూరు వాడికి తేడా తెలిసింది. మా 350 రేజర్‌లో బ్లేడు ఒక పక్కకు ఒరిగి, మెడ మీద రెండు గాట్లు పడ్డాయి. మెర్కూర్‌లో పడలేదు. మర్నాడు మూత బిగించేటప్పుడు బ్లేడును రెండు కొసల దగ్గర వేళ్లతో సరిచేసి పట్టి బిగించాడు. ఆ రోజు దీనితోనూ గాటు పడలేదు. అంటే నాలుగు వేల తేడాలో కొంత భాగం పది సెకన్ల పనిగా తేలింది. మెర్కూర్ మంచి రేజరు, అందులో వాదం లేదు. దాని మంచితనం మనకు ఆ ధరకు అవసరమా అన్నదే వాదం.

ధర కంటే ఎక్కువ తేడా చూపించింది నీళ్లు. 2020లో అమెరికాలోని ఎంఐటీ వాళ్లు సైన్స్ పత్రికలో ఒక పరిశోధన వేశారు. వెంట్రుక స్టీలు కంటే 50 రెట్లు మెత్తనిది, అయినా వెంట్రుక వంగి, అంచుకు ఒక వాలులో తగిలితే బ్లేడు అంచే చిన్నచిన్న పెచ్చులుగా లేస్తుందట. నానిన వెంట్రుక సులువుగా తెగుతుంది. కాబట్టి స్నానం చేసిన వెంటనే గీసుకోవాలి, నురుగు పెట్టి రెండు నిమిషాలు ఆగాలి. హ్యాండిల్‌ను ముఖానికి దాదాపు 30 డిగ్రీల వాలులో పట్టి, రేజరు బరువుకే వదిలేయాలి. కార్ట్రిడ్జి అలవాటుతో నొక్కితే తెగుతుంది. మెడ దగ్గర వెంట్రుకలు ఎటు వాలాయో ముందు వేలితో నిమిరి చూసుకోవాలి, చాలామందికి పక్కకు ఉంటాయి. తర్వాత చల్లనీళ్లు, పటిక ముక్క. పటిక ఏ కిరాణా కొట్లో అడిగినా ఇస్తారు.

బ్లేడు మాత్రం అందరికీ ఒకటే సరిపోదు. ఫెదర్ చాలా పదును, చెయ్యి కుదిరేదాకా వద్దు. రెండు మూడు రకాల చిన్న పాకెట్లు తెచ్చుకొని ఒక్కొక్కటి నెల వాడి చూస్తే, నూరు రూపాయల్లోపు మీకేది పడుతుందో తెలుస్తుంది. కొనాలనుకునే తమ్ముళ్లకు మా సలహా: ఇప్పటికి మూడు నాలుగు వందల రేజరు, కొనేముందు షాపులోనే బ్లేడు పెట్టించి రెండు అంచులూ సమంగా ఉన్నాయో లేదో ఎదురుగా పట్టి చూడండి. ఉద్యోగం వచ్చాక మనసైతే స్టీలుది కొనండి, మధ్యలో ఆగకండి. గార్డ్‌తో ముఖం బాగానే ఉన్నోళ్లు ఏదీ కొనాల్సిన పని లేదు.

ఉట్నూరు వాడు ఆ నాలుగున్నర వేలలో వెయ్యి పరీక్ష ఫీజుకు కట్టాడు, మిగతాది దాచాడు. చర్ల వాడు అనుకున్నట్టు ఇంటికి పంపలేదు, మేము అడగనూ లేదు. నాలుగు నెలలుగా 350 రేజర్‌తోనే గీసుకుంటున్నాడు. పొక్కులు పూర్తిగా పోలేదు, దవడ కింద ఇంకా రెండు మూడు ఉంటాయి. మెడ మాత్రం తేటబడింది. మొన్నటి సెమినార్‌లో తన పేపరు తనే చదివాడు. స్టీలు రేజరు కొంటానని ఇప్పటికీ అంటాడు, ఫోన్‌లో బొమ్మ కూడా తీసెయ్యలేదు.

ఇంకొక్క విషయం మర్చిపోకండి. వాడేసిన బ్లేడ్లు బాత్రూం కిటికీలో, చెత్తబుట్టలో వేయొద్దు. మా ఫ్లోర్ ఊడ్చే అమ్మకు రెండుసార్లు వేళ్లు తెగాయి. పాత పౌడరు డబ్బానో, రేకు డబ్బానో తీసుకొని పైన సన్నని చీలిక కోసి అందులో వేయండి, నిండాక చీలికకు టేపు చుట్టి పారేయండి. మా రూములో డబ్బా తలుపు వెనక మేకుకు వేలాడుతుంది. ఉట్నూరు వాడివి ఇప్పటికి అందులో తొమ్మిది బ్లేడ్లు పడ్డాయి.