యామనపల్లి ఎముకలు, బేతంచర్ల గుహలు

హైదరాబాద్ పర్యటన అనగానే మన కుటుంబాలకు చార్మినార్, జంతు ప్రదర్శనశాల, ఆపైన బంధువుల విందులు గుర్తుకు వస్తాయి. శాసనసభ భవనానికి చేరువలోని నౌబత్ పహాడ్ ఎక్కి బిర్లా సైన్స్ మ్యూజియం చూసేవారు మా గోస్పాడు వైపు తక్కువే. ఈసారి పిల్లల కోరికపై మేము ముందుగా అక్కడికే వెళ్ళాము.

అందులో డైనోసార్ల విభాగాన్ని 2000లో ఏర్పరిచారు. నడుమ నిలబెట్టిన కోటాసారస్ అస్థిపంజరం పొడవు 44 అడుగులు, ఎత్తు 16 అడుగులు. ఇంతటి శరీరం గల ప్రాణి ఆకులలములు తిని బ్రతికిందంటే మా ఇంటావిడ ఎంతకూ నమ్మలేదు. గోదావరి లోయలో, పూర్వపు ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి వద్ద భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థవారు 840 ఎముకలు వెలికితీయగా, 1988లో పి. యాదగిరి ఈ జంతువుకు నామకరణం చేశారు. దాని శాస్త్రీయ నామంలో ఆ పల్లె పేరు నేటికీ నిలిచి ఉంది.

“అబ్బాజాన్, ఇవన్నీ నిజమైన ఎముకలేనా?” అని చిన్నవాడు అడిగాడు. మంచి ప్రశ్న. ఆ ఎముకలు ఒకే జంతువువి కావు, కనీసం 12 జంతువులవి. రెండు దంతాలు తప్ప పుర్రె దొరకలేదు. కనుక మనం చూసే తల పోలికను బట్టి మనుషులు రూపొందించినదే. మదరసాలో హదీసు బోధించేటప్పుడు ఉల్లేఖకుని మాట ఏది, తరువాతివారి వ్యాఖ్య ఏది అని వేరుపరచి చూపుతాము. వాడికీ అదే పద్ధతిలో చెప్పాను: ఎముక సాక్ష్యం, తల ఊహ.

పెద్దమ్మాయి ప్రశ్న అంత తేలికైనది కాదు. పదహారు కోట్ల ఏళ్ళకు పైమాటేనని ఎలా లెక్కించారట? ఆ శిలల పొరలలో దొరికిన చేపల శిలాజాలను ఇతర దేశాల శిలలలోని వాటితో పోల్చి కాలం నిర్ణయించారని వివరించాను. ఇటువంటి చోట్లకు పిల్లలను తీసుకుపోవద్దని హెచ్చరించే పెద్దలు మనలో ఉన్నారు. వారి ఆందోళన నాకు అర్థమవుతుంది కాని అంగీకరించలేను. సృష్టిని పరిశీలించమని ఆదేశించబడిన వారము మనము. ఇంట్లో అడగనివ్వని ప్రశ్నను పిల్లలు బయట అడుగుతారు, లేదా అడగడమే మానుకుంటారు. ఆ రెండవదే నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

తిరుగు ప్రయాణంలో బస్సులో వారికి మరో సంగతి చెప్పాను. మన నంద్యాల జిల్లాలోనే, బేతంచర్ల సమీపాన బిల్లసర్గం గుహలున్నాయి. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ అక్కడ తవ్వకాలు ఆరంభించారు. దొరికిన జంతువుల ఎముకలను లిడెక్కర్ 1886లో వర్ణించారు. వాటిలో ఖడ్గమృగం కూడా ఉంది! దానికి కర్నూలు పేరే పెట్టారు. పిల్లలు పాఠాలలో ఆఫ్రికా జంతువులను చదువుతారు కాని, ఈ సంగతి మా ఊరిలో ఎవరి నోటా వినలేదు.

పండుగ సెలవులలో బేతంచర్ల వెళ్ళాలని నిశ్చయమైంది. ఎండ ముదరకముందే, ఫజ్ర్ నమాజు కాగానే బయలుదేరాలి. రొట్టెలు, నీళ్ళు తన బాధ్యత అన్నది మా ఇంటావిడ. ఖడ్గమృగానికి పుర్రె దొరికిందో లేదో ముందుగా కనుక్కోమని చిన్నవాడు నాకు పని అప్పగించాడు.