పాతబండి దప్పిక

మోటారుబండి యింటిలో నున్నను, దాని లోపలి సంగతిని పురుషులకును మరమ్మతు చేయువారికిని విడిచిపెట్టుట మనలో పలువురి యలవాటు. బండి యెక్కుదుము, దిగుదుము. దారిలో నాగిపోయినచో చెట్టునీడను కూర్చుండి పిల్లలను సముదాయించుచుందుము. అయినను, సోదరీమణులారా, నీరు కాగుట, పొంగుట, ఆవిరి పట్టుట, అడుగంటుట - వీనిని మనకంటె బాగుగ నెఱిగినవారెవరు? పాత బండికి వచ్చు జబ్బులలో మిక్కిలి ప్రమాదకరమైనవానిలో వేడెక్కుట యొకటి. దాని మూలమును కనిపెట్టుటకు వలయు తెలివి వంటయింటి తెలివికి వేఱు కాదు. ఈ సంగతి స్వానుభవమున తెలిసినది గావున మీకు విన్నవించుచున్నాను.

మాది హనుమకొండ. మా యింట 1984వ సంవత్సరపు అంబాసిడరు బండి యొకటి కలదు. అది మా మామగారు కొన్నది. కలకత్తా నగరమునకు చేరువనున్న ఉత్తరపాడాలో హిందుస్థాన్ మోటార్సువారు ఈ రకపు బండ్లను 1958 మొదలు 2014 వరకు చేసి, పిమ్మట మానివేసిరి. అందుచేత ఉన్నది పోయినచో అట్టిది మఱల క్రొత్తగా దొరకదు. మా అత్తగారికి మోకాళ్లనొప్పులు. క్రిందికి వంగి కూర్చుండవలసిన నేటి చిన్నబండ్లు వారికి సరిపడవు. అంబాసిడరులో పీట యెత్తుగా నుండుటచే, దానిలో మాత్రము పరుల చేయూత లేకయే కూర్చుండి గుడికిని, వైద్యునియొద్దకును పోగలరు.

మూడేండ్ల క్రిందటి వేసవిలో, హైదరాబాదు దారిని జనగామ చేరునప్పటికి వేడిమిని చూపు సూది యెఱ్ఱగీత నంటుట మొదలయ్యెను. ఒక మరమ్మతుశాలవారు చూచి, "ఇంజిను విప్పవలెను. నలువదివేల రూపాయలకు తక్కువ కాదు. అంత పెట్టుటకంటె తుక్కుకు వేయుటయే మేలు" అనిరి. మావారును అమ్ముటకే మొగ్గిరి. అత్తగారు కోపపడలేదు. "బిడ్డా, ఈ బండి పోయిననాడు నా గడప దాటుడు గూడ పోయినట్టే" అని మాత్రమనిరి. ఆ మాట నా మనస్సున నాటుకొన్నది. ఇంజిను విప్పుటకు ముందు, అది విప్పవలసిన జబ్బేనా యని తెలిసికొనవలయునని నిశ్చయించితిని. మామగారి కాలమున ఈ బండిని నడపిన ముదుసలి డ్రైవరు, మేమందఱము చాచా యని పిలుచుకొనువారు, కబురంపిన మఱునాడే వచ్చిరి.

చాచా చెప్పినదానిని నేను మన చెఱువుల పోలికతో నర్థము చేసికొంటిని. కాకతీయుల కాలపు పాకాల, రామప్ప చెఱువులను మీలో పెక్కుమంది చూచియుందురు. చెఱువునందు నీరు నిలుచును. తూము తెఱచినప్పుడు కాలువలవెంట పొలమునకు పాఱును. మోటారుబండిలో రేడియేటరు చెఱువు వంటిది. నీటిపంపు ఆ నీటిని ఇంజిను చుట్టును త్రిప్పును. ఇంజినులో కాలు పెట్రోలు వేడిమిలో కొంతభాగమే చక్రములను త్రిప్పును. మిగిలినదానిలో కొంత పొగతో పోవును, మొత్తములో సుమారు మూడవవంతు నీటిద్వారమున బయటికి పోవలయును. వేడెక్కిన నీరు పైగొట్టమునుండి రేడియేటరు చేరి, సన్నని నాళములగుండ క్రిందికి దిగును. ఫానువలనను బండి పరుగువలనను వచ్చు గాలి దానిని చల్లార్చును. చల్లాఱిన నీరు క్రిందిగొట్టమునుండి మఱల ఇంజినులోనికి పోవును. ఈ చెఱువునకు తూము థర్మోస్టాటు. ఇంజిను కాగువఱకు అది మూసికొనియుండి, సుమారు 82 డిగ్రీల వేడిమికి తెఱచుకొనును.

రేడియేటరు మూతయును సామాన్యమైనది కాదు. తెఱచిన గిన్నెలో నీరు 100 డిగ్రీలకు మరుగును. ప్రెషరుకుక్కరులో ఒత్తిడిచే సుమారు 120 డిగ్రీలవఱకు కాగును. పాతబండ్లకుండు 7 పౌనుల మూత నీటిని సుమారు 111 డిగ్రీలవఱకు మరుగనీయదు. మూతలోని రబ్బరు చీకిపోయినచో, వెయిటు సరిగా కూర్చుండని కుక్కరువలె ఆవిరి ముందే పోవును, నీరు తఱిగిపోవును.

చాచా యడిగిన మొదటి ప్రశ్న యిది: "అమ్మా, బండి యెప్పుడు వేడెక్కుచున్నది?" వైద్యుడు జ్వరము వేళ నడిగినట్లు. దీనిలోనే సగము రోగనిర్ణయము కలదు. బండి నిలిచియున్నప్పుడో, మెల్లగా ప్రాకునప్పుడో వేడెక్కినచో గాలి చాలలేదని గుఱుతు: ఫాను బెల్టు వదులైయుండును, లేదా రేడియేటరు ముందు భాగమున దుమ్మును పురుగులును పేరుకొనియుండును. రెండేండ్లకొకమాఱు మాఘమాసమున జరుగు మేడారము జాతరకు బంగారము, అనగా బెల్లము, మ్రొక్కు చెల్లింప పోవు బండ్లు తాడ్వాయి అడవిదారిలో బారులు తీర్చి ప్రాకుచుండును; ఈ లోపము గల బండి అచ్చట తప్పక బయటపడును. అట్లుగాక, ఊరిలో చల్లగా నుండి వేగముగా పోవునప్పుడు మాత్రమే వేడెక్కినచో నీటి పారుదల చాలలేదని తలంపవలయును. బయలుదేఱిన కొద్ది నిమిషములకే పొంగినచో నీరు తక్కువయైనను కావలయును, థర్మోస్టాటు మూసికొని బిగిసియైనను ఉండవలయును. మా బండిది రెండవ రకము: ఊరిలో నెమ్మది, దూరపుదారిలో జ్వరము.

ఆ రాత్రి బండిక్రింద పాత వార్తాపత్రికలు పఱచితిమి. తెల్లవాఱి చూచిన, ఎచ్చట తడి యున్నచో దానికి పైన కాఱుచున్నదన్నమాట. పంపు అడుగున చిన్న రంధ్రముండును. అచ్చట బొట్లు కనబడినచో పంపు పాడైనదని యర్థము. మా కాగితములు పొడిగనే యుండెను. ఇంజిను చల్లగా నున్నప్పుడే మూత తీసి చూచితిమి. నీరు తక్కువ లేదు, కాని అంచుల తెల్లని పెచ్చు కట్టియుండెను. బెల్టును నడుమ బొటనవ్రేలితో నొక్కిన అర అంగుళము మాత్రమే దిగినది, అది సరియే.

తరువాత, మరమ్మతుశాలవారు భయపెట్టిన సంగతి, అనగా ఇంజినుకును దాని తలకును నడుమనుండు గాస్కెటు కాలినదా యనునది చూడవలసి వచ్చెను. దానికి మూడు గుఱుతులు కలవు. మూత తీసి చల్లని ఇంజినును నడపినచో నీటిలో ఆగక బుడగలు వచ్చును; నూనె కొలుచు పుల్లపై చిలికిన మజ్జిగవంటి తెల్లని నురుగు కనబడును; ఇంజిను బాగుగ కాగిన పిదపను పొగగొట్టమునుండి దట్టమైన తెల్లపొగ మానదు. ఈ మూడింటిలో నొకటియు మా బండిలో లేదు. నాకు కొండంత ధైర్యము వచ్చెను.

థర్మోస్టాటును విప్పించి మా పొయ్యిమీదనే పరీక్షించితిని. ఒక పాత గిన్నెలో నీరు పోసి, దానిని దారముతో అడుగు తగులకుండ వ్రేలాడదీసి, ప్రక్కన ఉష్ణమాపకము నుంచితిని. 80 డిగ్రీలు దాటినంతనే కవాటము మెల్లగా విచ్చుకొనెను. నీరు చల్లాఱగా మఱల మూసికొనెను. తూము నిర్దోషి. తెఱచుకొననిదైనచో క్రొత్తది వేయవలయునే కాని, మనదేశము వేడిదేశము గదా యని దానిని బొత్తిగా తీసివేయుట మంచిది కాదు; ఇంజిను తగినంత కాగక పెట్రోలు హెచ్చుగా త్రాగును, త్వరగా అఱుగును.

అప్పుడు చాచా పీటపై కూర్చుండి ఇంజినును బలముగా నడపుచుండ, నేను దూరముగా నిలిచి క్రిందిగొట్టమును చూచితిని. వేగము హెచ్చినకొలది అది పసిబిడ్డ పాలు పీల్చునప్పటి బుగ్గలవలె లోనికి నొక్కుకొనెను. గొట్టము మెత్తబడినది, పైనుండి నీరు చాలినంత దిగక, పంపు దానిని పీల్చుచున్నది. ఇంజిను ఆపి, ఫాను నిలిచిన పిదప, రేడియేటరుకు కొంచెము ఎడముగా అరచేతినుంచి వేడి చూచితిమి. అంచులయందు సెగ తగిలినది. నడుమ జానెడు మేర చల్లగా నున్నది. ఆ చల్లనిచోట నాళములు మూసికొనిపోయి, వేడినీరు దానిలోనికి పోవుటయే లేదు.

కారణము మా పెరటిలోనే యున్నది. బోరుబావి నీరు కాచిన గిన్నె అడుగున తెల్లని పెచ్చు కట్టుట మన మెఱిగినదే. ఏండ్లతరబడి ఆ నీటినే బండికి పోయుచు వచ్చుటచే, ఆ పెచ్చే నాళములలో చేరినది. చెఱువు మంచిదే, తూము మంచిదే, కాలువ పూడినది. 2015లో మిషన్ కాకతీయ పేర మన చెఱువుల పూడిక తీయ నారంభించిరి గదా, మా రేడియేటరుకును అదే చికిత్స జరిగెను. రేడియేటరు పనివాడు పైతొట్టిని అతుకు విప్పి, ఒక్కొక్క నాళములో సన్నని బద్ద దూర్చి శుభ్రపఱచి మఱల అతికెను. రాగి, ఇత్తడి రేడియేటరులకే యిది చెల్లును. క్రొత్త గొట్టములు, క్రొత్త మూత వేయించితిమి. అన్నియు కలిపి ఆ నలువదివేలలో పదవవంతు కాలేదు. మఱుసటి వారము అత్తగారిని పాలంపేట రామప్పగుడికి తీసికొనిపోయితిమి. సూది నడిగీత దాటలేదు.

ఇక ప్రాణముల కపాయము లేకుండ మఱవరాని సంగతులు కొన్ని. ఆవిరి గ్రక్కుచున్న బండి మూతను ఎన్నడును తెఱవరాదు. మూత కదలినంతనే లోపలి నీరు ఒక్కమాఱు మరిగి ముఖముమీదికి చిమ్మును. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొని ఫలములేదు. నీడను నిలిపి, ఇంజిను ఆపి, కనీసము అరగంట, చాలనిచో ఇంకను ఎక్కువసేపు, చల్లాఱనీయవలయును. కాలుచున్న ఇంజినులో చల్లని నీరు గుమ్మరింపరాదు; కాలిన పెనముమీద నీరు పోసినట్లే లోహము పగులును. ఫాను చెంత పైటచెంగును జడను బిగించుకొనవలయును. విద్యుత్తుతో తిరుగు ఫాను గల బండ్లలో ఇంజిను ఆగినను ఫాను తనంత తిరుగవచ్చును.

బోరునీటికి మాఱుగా, బ్యాటరీలకు వాడు స్వేదనజలముతో కూలెంటు ద్రవమును కలిపి పోయుట శ్రేష్ఠము. అది పెచ్చు కట్టనీయదు, త్రుప్పు పట్టనీయదు. కాని తల్లులు గమనింపవలయును: ఆ రంగునీటిలో సాధారణముగా నుండు ఎథిలీన్ గ్లైకాలు తియ్యగా నుండు విషము. దానిని షర్బతు సీసాలలో నుంచరాదు. నేల నొలికినచో వెంటనే కడుగవలయును. పిల్లలును, కుక్కలును, పిల్లులును దాని తీపికి మోసపోవుదురు.

1932లో నిజాము రాష్ట్ర రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా నారంభించిరి. నాటినుండి నేటివఱకు మన యెండలలో తిరుగు బండికి పెట్రోలు ఆహారమైనచో నీరు ప్రాణము. స్త్రీలందఱును పానాలు చేతబట్టి మరమ్మతు చేయవలయునని నా మాట కాదు. పెద్ద వ్రయము చేయుమని యెవరైన చెప్పినప్పుడు, "బుడగలు చూచితిరా? నూనె చూచితిరా? థర్మోస్టాటు పరీక్షించితిరా?" అని యడుగగల జ్ఞానము చాలును. వారమున కొకదినము, ఉదయమున, బండి చల్లగా నున్నప్పుడు మూత తీసి నీరు చూచుట తులసికి నీరు పోయునంతటి పని. ఇంటిలో ముసలివారి రాకపోకలు, పిల్లల క్షేమము, కష్టార్జితమైన ధనము దానిపై నాధారపడియున్నవి గనుక, ఆ పనిని మనము చేతబట్టుట మేలని నా యభిప్రాయము.