కార్డు మీద ఏమని వేయించాలి?

పెద్దనాయన పోయి వచ్చే నెలకు ఏడాది. జ్ఞాపకార్థ కూడిక పెట్టాలి, కార్డులు వేయించండి అని పెద్దమ్మ చెప్పింది. రాబర్ట్‌సన్‌పేటలో ప్రెస్సుకు పోతే వాళ్ళ నమూనా కార్డులో ముందే అచ్చయి ఉంది, "ప్రభువునందు నిద్రించిన" అని. పేరు, తేదీలు నింపితే చాలు. మేము అక్కడే ఆగిపోయినాం. పెద్దనాయన యాభై ఏళ్ళకు పైగా చర్చి మెట్టు ఎక్కలేదు. ఆయన కొడుకు, మా అన్న, "నాయన ఒప్పుకోని మాటను నాయన పేరు ముందర ఎట్లా వేస్తారు?" అన్నాడు. పెద్దమ్మ ఫోనులోనే ఏడ్చింది. "నిద్రించినాడు అనకపోతే ఇంకేమనాలిరా?"

ఈ ఒక్క మాట దగ్గర మా ఇంట్లో మూడు వారాలు గడిచినాయి. అందుకే ఇది రాస్తున్నాం. మేము చదువుకున్నది కన్నడ మీడియం. తెలుగు అక్షరాలు అవ్వ బైబిలులోనూ, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనూ నేర్చుకున్నవి. తప్పులుంటే చిత్తూరు వైపు చుట్టాలు మన్నించాలి.

మా తాత చిత్తూరు జిల్లా నుంచి కోలారు బంగారు గనులకు వచ్చినాడు. జాన్ టేలర్ కంపెనీ 1880లో అడుగు పెట్టినప్పటి నుంచి తమిళులు, తెలుగువాళ్ళు, కన్నడవాళ్ళు అందరూ ఆ గనుల్లో దిగినవాళ్ళే. కంపెనీ కట్టించిన లైన్ల ఇళ్ళలో గోడకు గోడ ఆనుకుని ఉండేవాళ్ళు. ఒక ఇంట్లో ప్రార్థన చేస్తే నాలుగిళ్ళకు వినపడేది. మా లైన్లో మేము క్రైస్తవులం, పక్కింట్లో గంగమ్మకు మొక్కేవాళ్ళు, ఎదురింట్లో సాయిబు మామ, చివరింట్లో బౌద్ధులు. బౌద్ధులంటే బెంగళూరులో మా ఆఫీసువాళ్ళు అంబేడ్కర్ 1956లో తీసుకున్న దీక్ష తరువాత వచ్చినవాళ్ళే అనుకుంటారు. కాదు. అయోతీదాస్ పండితర్ 1898లో మద్రాసులో శాక్య బౌద్ధ సంఘం మొదలుపెట్టినాడు, దాని శాఖ ఒకటి మా మారికుప్పంలో ఉండేది. మా చివరింటివాళ్ళు ఆ కాలం నుంచీ బౌద్ధులు.

తాత ఛాంపియన్ రీఫ్ గనిలో పోయినాడు. భూమి లోపల ఒత్తిడికి రాయి ఒక్కసారిగా పగిలి మీద పడుతుంది. దాన్ని మా ఊళ్ళో ఏర్‌బ్లాస్ట్ అంటారు. పైన ఇళ్ళలో గిన్నెలు కదిలితే ఆడవాళ్ళు బయటికొచ్చి గని వైపు చూసేవాళ్ళు. తాత శవం పైకి రావడానికి రెండు రోజులు పట్టింది. అప్పటికి పెద్దనాయనకు పందొమ్మిదేళ్ళు, మా నాయన ఇంకా చిన్నపిల్లవాడు.

ఆ రెండు రోజుల్లో ఇంటికి వచ్చినవాళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్కటి చెప్పినారు. పెద్దనాయన మాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినాడో లెక్కలేదు. పక్కింటి అవ్వ "తలరాత, ఏ జన్మలో చేసిందో" అన్నది. ఆమె నిందించడానికి అనలేదు, అవ్వను ఒళ్ళో పడుకోబెట్టుకుని అన్నది. సాయిబు మామ, ఇచ్చినవాడు అల్లా, ఆయన దగ్గరికే పోవాల, సబర్ చెయ్యమ్మా అన్నాడు, పెట్టె మోయడానికి భుజం కూడా ఇచ్చినాడు. మా సంఘంవాళ్ళు ఏమన్నారు? ఒక పెద్దమనిషి వచ్చి, ఆదివారాలు షిఫ్టుకు పోతున్నాడు కదా, దేవుడు హెచ్చరిక పంపినాడు అన్నాడంట. పెద్దనాయన ఆ రోజే లేచిపోయినాడు. "తాడు పాతబడితే కంపెనీని అడగరు, దూలం విరిగితే కంపెనీని అడగరు, చచ్చినవాణ్ణి మాత్రం అడుగుతారు" అనేవాడు. తాత ఉద్యోగం ఆయనకే ఇచ్చినారు. ఏడాది తిరిగేలోపల ఎర్రజెండా యూనియన్లో చేరినాడు.

మతాలను పోల్చే పుస్తకాలు మా చిన్నప్పుడు సండే స్కూల్లో ఇచ్చేవాళ్ళు. గడులు గీసి ఉండేవి. దేవుడు ఎవరు, పాపం ఏమిటి, రక్షణ ఎట్లా అని. మన గడిలో అన్నీ సరిగ్గా ఉండేవి, అవతలి గడుల్లో అన్నీ తప్పులే. మా ఉద్యోగం సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. ఇప్పుడు చూస్తే ఆ పట్టిక టెస్టు రిపోర్టు కాదు, అమ్మకానికి వేసిన పాంప్లెట్. మనలోని మంచివాణ్ణి, అవతలివాళ్ళలోని తెలివితక్కువవాణ్ణి పక్కపక్కన నిలబెట్టి పోల్చడం అది. బడిలో కన్నడ మేష్ట్రు బసవణ్ణ గారి కాయకం, దాసోహం గురించి చెప్పినప్పుడు, ఒళ్ళు వంచి చేసే పనికి అంత గౌరవం ఇచ్చినమాట మా గడుల్లో ఎక్కడా లేదే అనిపించింది. ఆ మాట ఇంట్లో చెప్పలేదు.

తాత చావు గురించి చెప్పిన మాటల్నే పోల్చి చూద్దాం. ఆ సంఘం పెద్దమనిషి చెప్పింది నిజానికి క్రైస్తవం కాదు. లూకా సువార్తలో సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిన సంగతి వస్తుంది. వాళ్ళు తక్కినవాళ్ళకంటే పాపులు కాదు అని యేసు తేల్చి చెప్పినాడు. పుట్టు గుడ్డివాణ్ణి చూసి ఎవరి పాపం ఇది అని శిష్యులు అడిగితే, వాడిదీ కాదు, తల్లిదండ్రులదీ కాదు అన్నాడు. మా పెద్దమనిషి బైబిలు పట్టుకుని చెప్పింది పక్కింటి అవ్వ చెప్పిన మాటే, అయితే ఆమెకున్న కనికరం లేకుండా. యాభై ఏళ్ళు మా పెద్దనాయన దేన్ని కాదన్నాడో, దాన్ని యేసు ముందే కాదన్నాడు. ఈ సంగతి మాకు ముప్పై దాటాక గానీ తట్టలేదు. ఆయనకు చెబుదామని పోయినప్పుడు నవ్వి, "అయితే మీవాళ్ళకు చెప్పుపో" అన్నాడు.

చివరింటి బౌద్ధ పెద్దాయన మాకు కిసా గోతమి కథ చెప్పినాడు. చచ్చిన బిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లిని, చావు లేని ఇంటి నుంచి ఆవాలు తెమ్మంటాడు బుద్ధుడు. ఆమె ఇల్లిల్లూ తిరిగి వట్టి చేతులతో వచ్చి బిడ్డను సాగనంపుతుంది. మా లైన్లో ఆవాలు దొరికే ఇల్లు ఒక్కటి కూడా లేదు, అందుకేనేమో ఆ కథ మాకు బాగా ఎక్కింది. దానికి ఎదురుగా మేము నాయీనులో విధవరాలి కొడుకును యేసు లేపిన సంగతి చెప్పినాం, కొంచెం గర్వంగానే. పెద్దాయన తొందరపడలేదు. "బాగుందయ్యా. ఆ ఊళ్ళో మిగతా విధవరాళ్ళ కొడుకులు?" అన్నాడు.

దీనికి మా దగ్గర చిటికెలో చెప్పే జవాబు లేదు. బుద్ధుడి జవాబు ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఏ తల్లికైనా పనికొస్తుంది, పట్టు వదులుకోవడం నేర్పుతుంది. మాది అట్లా కాదు. మాది ఒక సంఘటన మీద నిలబడిన విశ్వాసం. క్రీస్తు లేవకపోయి ఉంటే మన విశ్వాసమే వట్టిదని పౌలే రాసినాడు. ఎక్కడ ఫెయిలవుతుందో తానే రాసిపెట్టుకున్న స్పెసిఫికేషన్ అది, టెస్టరుకు అంతకంటే నిజాయితీ ఏం కావాల. అయితే దుఃఖాన్ని వదులుకోమని అది చెప్పదు. లాజరు సమాధి దగ్గర, లేపబోతానని తెలిసి కూడా, యేసు ఏడ్చినాడు. చావు సహజం అని ఒప్పుకోని మతం మాది. అది మాకు కావాల. తాత చావు సహజం కాదు.

ఈ మాటలో పెద్దనాయన, మేము ఒకటే. చావులో ఎవరి తప్పు ఉందో వాళ్ళను అడగాలన్నాడాయన. మార్క్స్ మతాన్ని మత్తుమందు అన్నాడని అందరికీ తెలుసు, బాధలో ఉన్నవాళ్ళ నిట్టూర్పుగా కూడా చూసినాడని మాకు ఆయనే చెప్పినాడు. విధవరాళ్ళ పరిహారం కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరిగింది ఆయన, మా సంఘం కాదు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూసినాక జనమంతా తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు కూలికి పోతుంటే, వాళ్ళ బాకీల లెక్కలు ఆయన దగ్గరే ఉండేవి. ఒకసారి మేము అడిగినాం: "పెద్దనాయనా, రేపు సమానత్వం వచ్చిందే అనుకో, తాతకు ఏమొస్తుంది?" చాలాసేపు బీడీ తాగుతూ కూర్చున్నాడు. "రాదు. అదే నా కడుపుమంట" అన్నాడు.

మేము క్రైస్తవులుగా మిగిలింది ఇక్కడే అనుకుంటాం. చచ్చినవాళ్ళకు న్యాయం జరగాలి. తీర్పు దినం ఉందని సాయిబు మామ కూడా నమ్ముతాడు, అంతవరకు మాదీ ఆయనదీ ఒకే దారి. కానీ యేసు సిలువ మీద చావలేదని ఖురాన్ చెబుతుంది, దేవుడు తన ప్రవక్తను అట్లా అవమానానికి వదలడు అని మామ అంటాడు. మాకు అదే అవమానం కావాలి. తీర్పు తీర్చేవాడు తానే అన్యాయంగా చంపబడినవాడు కాకపోతే, మూడు వేల మీటర్ల లోతున రాయి కింద రెండు రోజులు ఉన్నవాణ్ణి ఏమని పలకరిస్తాడు?

ఇంత రాసినా కార్డు సంగతి తేలలేదు. మా సంఘంలో ఒకరిద్దరు ఆ రోజు సమాధుల తోటలో చోటు ఇవ్వడానికే వెనకాడినారు. అవిశ్వాసి అన్నారు. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టినవాళ్ళు, ఎవరికి పెడుతున్నామో తెలియకుండానే పెట్టినవాళ్ళు, కుడివైపు నిలబడతారని మత్తయి సువార్తలో ఉంది. అది పెద్దనాయనకు వర్తిస్తుందా అంటే, తీర్పు మా చేతిలో లేదు. వర్తించాలని ప్రార్థన చేస్తున్నాం. ఇది తెలిస్తే ఆయన తిడతాడు.

నిన్న పెద్దమ్మే ఫోన్ చేసింది. పేరు వెయ్యండి, పుట్టిన తేదీ, పోయిన తేదీ వెయ్యండి, కింద "ఛాంపియన్ రీఫ్ గని కార్మికుడు" అని వెయ్యండి అన్నది. వాక్యం? "అది నేను కూడికలో చదువుకుంటాలే, యూనియన్ వాళ్ళను రెండు మాటలు మాట్లాడమను" అన్నది. సాయిబు మామకు, చివరింటి పెద్దాయనకు కార్డు చేతికే ఇచ్చి రావాలి. భోజనం నూట యాభై మందికి చెప్పినాం.