తలలు కొట్టిన చెట్లు

పొద్దున్నే రంపం చప్పుడుకి మెలకువ వచ్చింది. మా వీధి చివర ట్రక్కు ఆపి, ముగ్గురు మనుషులు వరసగా క్రేప్ మర్టిల్ చెట్ల తలలు కొట్టేస్తున్నారు. అన్నీ ఒకే ఎత్తున, ఛాతీ దగ్గరికి. డాలస్ పక్కన ఈ మెకిన్నీకి వచ్చి ఆరేళ్ళయింది. ప్రతి ఫిబ్రవరిలోనూ ఇదే చప్పుడు, ఇదే కడుపుమంట. ఈ ఊరికి ఆ చెట్టంటే ప్రాణం. దాని రకాల కోసమే ఒక పార్కు పెట్టుకున్నారు. 1997లో టెక్సస్ దాన్ని రాష్ట్ర పొదగా ప్రకటించుకుంది. అంత ప్రేమగా చూసుకునే చెట్టుని ఏటా ఇలా మొండెం చేయడానికి చేతులెలా వస్తాయి?

అలాంటి చెట్టే మా పెరట్లోనూ ఉంది. నిరుడు మేం కొన్న ఈ ఇల్లు అంతకుముందు మూడేళ్ళు ఖాళీగా ఉంది. పాతవాళ్ళు ఏటేటా కోయించినట్టున్నారు, కొమ్మ చివరల్లో పిడికిలంత బొడిపెలు. ఒక్కో బొడిపెలోంచి చీపురుపుల్లల్లా పదిహేను, ఇరవై రెమ్మలు. మొదలు దగ్గర దారి లేకుండా పిలకలు. జూలైలో గులాబీరంగు గుత్తులు విరగబూశాయి. ఒక్క వాన పడేసరికి ఆ సన్నరెమ్మలు బరువు ఆపలేక మట్టిలోకి వాలిపోయాయి.

కొత్త రెమ్మకే పూస్తుంది కాబట్టి నరికితే మంచిదంటారు. కొత్త రెమ్మకి పూసే మాట నిజమే. దానికి తల తీయక్కర్లేదు. ఇరవై అడుగులు దాటి పెరిగే నాచెజ్ రకాన్ని కిటికీ కింద నాటుకుని, ఎత్తు పెరిగిందని చెట్టుని కొడితే ఎలా? నడుం ఎత్తున ఆగే పొట్టి రకాలు నర్సరీల్లో ఉన్నాయి కదా! అసలు దీని అందమంతా మానులో ఉంది. అచ్చం జామచెట్టే. బెరడు పొరలుగా ఊడి, కింద దాల్చినచెక్క రంగు నున్నగా బయటపడుతుంది. ఆ మానుని ఎదగనివ్వరు.

మా చెట్టుని ఎలా బాగుచేయాలో పక్కింటి పెద్దాయన్ని అడిగాను. ఇక్కడివాళ్ళలో నాకు నచ్చేదిదే, అడక్కుండా తలదూర్చరు, అడిగితే పూటంతా నిలబడి చేయిస్తారు. ముందు పిలకలు నేలమట్టంగా తీయించారు. తర్వాత ఎండుకొమ్మలు, ఒకదాన్నొకటి రాసుకునేవి, లోపలికి తిరిగినవి. ఒక్కో బొడిపె మీద బయటికి చూసే గట్టి రెమ్మలు ఒకటో రెండో ఉంచి, మిగతావి తీసేయడం. రెండు మూడేళ్ళు ఇలా చేస్తే ఆకారం వస్తుందట. కోత కోతకీ నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూడమన్నారు.

మా అమ్మమ్మకి ఇదంతా ఎవరూ నేర్పకుండానే తెలుసని ఆయనతో గట్టిగా అన్నాను. అనేశాక గుర్తొచ్చింది, అమ్మమ్మ మల్లెపొదని మోకాలెత్తుకి నరికేసేది! మైలవరం పక్కన వాళ్ళ ఊరు. సంక్రాంతి ముందు నుంచే పొదకి నీళ్ళు మానేసేది. ఆకు వడిలాక కొమ్మల్ని తాడుతో దగ్గరికి కట్టి, పైనంతా కోసి, మిగిలిన ఆకు మా పిల్లలందరిచేతా దూయించేది. వేళ్ళు పచ్చగా, పసరువాసనతో ఉండేవి. పాదు తవ్వి, పశువులెరువు వేసి, అప్పుడు నీళ్ళు పెట్టేది. "ఆకలేస్తేనే పూస్తుందే," అనేది. శ్రీరామనవమి నాటికి మా జడల నిండా మల్లెలే. మల్లె నరికించుకునే పొద, ఇది ఎదగాల్సిన చెట్టు. ఈ తేడా పెద్దాయనకి చెబుదామనుకున్నాను, అప్పటికే ఆయన నిచ్చెన మడుస్తున్నారు.

రాత్రి అమ్మకి ఫోన్లో చెట్టు చూపించాను.

"పూలకి వాసనుంటుందా?"

"పెద్దగా ఉండదమ్మా."

"సరేలే. కోసినచోట పేడముద్ద పెట్టావా? మునక్కొమ్మకి పెడతాం చూడు."

కోతలకి ఏమీ పూయక్కర్లేదు, చెట్టే మాన్పుకుంటుందని పెద్దాయన చెప్పారు. అమ్మతో ఆ మాట అనలేదు. పొద్దున లేచి మట్టి తడిపి ముద్ద చేసి, బొటనవేలంత లావున్న కోతలన్నిటికీ ఒక్కొక్కటిగా అద్దాను.