గోడజువ్విని ప్రదర్శనకు సిద్ధపఱచుట

వామనవృక్షములను, అనగా బోన్సాయిలను పెంచువారిలో రెండు తెగలు కలవు. విత్తనము నాటియో, కొమ్మ పాతియో చిన్ననాటినుండి చెట్టును తమ చేతిలోనే పెంచువారు మొదటి తెగ. ఎచటనో తనంతట మొలచి, ఎండకును గాలికిని పశువుల నోటికిని లోబడి, ఎదుగుబొదుగు లేక ముదిరిపోయిన చెట్టును తెచ్చి తొట్టిలో నిలుపువారు రెండవ తెగ. మేము రెండవ తెగవారము. మొదటివారికి ఓర్పు ఎక్కువ. మాకు ఆశ యెక్కువ. ఎన్ని యేండ్లు తొట్టిలో పెంచినను రాని మొదలి లావును, వంపును గోడయో గుట్టయో మనకు ఊరక యిచ్చును. అయితే అట్టి చెట్టును పదిమంది యెదుట నిలుపవలసి వచ్చినప్పుడు ఒక చిక్కు కలదు. మా పాఠశాల తోటపని సంఘపు విద్యార్థులు 2025 జనవరి ప్రదర్శనమును గూర్చి యేదైన వ్రాయుడని కోరినందున, ఆ చిక్కును గూర్చియే వ్రాయుచున్నాము.

జపానుదేశమున ఇట్లు తెచ్చిన చెట్టును యామాదోరి యందురు. కొండనుండి తీసినదని యర్థము. షికోకు ద్వీపమున ఇషిజుచి కొండలలోను, నీగాతా సీమలో ఇతోయిగావా కొండచఱియలమీదను షింపాకు అను జాతి చెట్లకై నడుమునకు త్రాళ్లు గట్టుకొని వ్రేలాడుచు ప్రాణములకు తెగించినవారు కలరు. మ్రాను సగమెండి యెముకవలె తెల్లబడి, తక్కిన సగము పచ్చగా నుండు ఆ చెట్లు నేటికిని అచటి ప్రదర్శనములకు అలంకారములు. ఆ ప్రదర్శనములలో పేరుపడినది కొకుఫు ప్రదర్శనము. అది 1934వ సంవత్సరమున తోకియో నగరమందలి ఉయెనో వనములోని కళాప్రదర్శనశాలలో మొదలాయెను. చిత్తరువులును శిల్పములును నిలుచుచోట తొట్టిచెట్లకు పీట దొరకుట సామాన్యమైన గౌరవము కాదు. కాని ఆ గౌరవమునకు కొండలు చెల్లించిన వెలయు సామాన్యము కాదు. ఆ చఱియలమీద ముదురు షింపాకు కనబడుట యిప్పుడు మిక్కిలి అరుదు.

మనదేశమున అడవికి పోయి చెట్టు త్రవ్వుట తలపెట్టనే కూడదు. రక్షితారణ్యమునుండి అనుమతి లేక చెట్టు తీయుట ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టము (1967) ననుసరించి నేరము. అయినను మాకు అడవితో పని లేదు. మా గోదావరి సీమలో పాతగోడలే మా కొండచఱియలు. ధవళేశ్వరమువద్ద ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత, కాలువలమీద పడవల రాకపోకలకై లాకులు కట్టిరి. ఆ లాకుల గోడలమీద కాకులును గోరువంకలును తిని విడిచిన గింజలనుండి రావి, జువ్వి, మేడి మొలచుచుండును. అచట మట్టి లేదు. రాళ్లసందులోని సున్నపు పొడియు వానచినుకును తప్ప వేఱు ఆధారము లేదు. చెట్టు ఎన్నాళ్లకును మోకాలియెత్తు దాటదు. వేళ్లు మాత్రము సందుల వెంబడి బారలకొలది ప్రాకి గోడను లోలోపల చీల్చును. కావున లాకులను మరమ్మతు చేయువారు దానిని శత్రువుగా నెంచి నఱికివేయుదురు. నఱకబోవు చెట్టును అడిగి తెచ్చుకొనుటలో ఎవరికిని నష్టము లేదు.

మా జువ్వి యట్టిదే. 2013 జూలైలో కాలువల అధికారి అనుమతితో, తాపీపనివారు రెండు రాళ్లు పెకలించి యీయగా దానిని తీసితిమి. గాలివైపు ప్రక్క గుండ్రముగానే యుండెను గాని, గోడకు ఆనుకొన్న ప్రక్క పలకవలె చదునైయుండెను. రాతి అంచుల గుర్తులు బెరడుమీద అచ్చుపడియుండెను. సందులో పెరిగిన వేరొకటి నాడావలె వెడల్పై, రాతి మూలవద్ద నిలువుగా మలుపు తిరిగి క్రిందికి దిగెను. కోసినచోట్ల పాలు కాఱుట ఆగువఱకు నీడ నుంచి, ఆకులన్నియు తీసివేసి, ఇటుకముక్కలును ముతక ఇసుకయు నింపిన కొయ్యపెట్టెలో నాటితిమి. 24వ దినమున చిగురు కనబడెను. ఆ పెట్టెలోనే మూడేండ్లు పెరిగెను. ఇప్పుడున్న తొట్టి 2021 వానకాలమున మార్చినది. కడియపులంకలో కొన్నది, లోతు తక్కువది, మెఱుగుపూత లేని మట్టిరంగుది. చెట్టు ఎత్తు 62 సెంటీమీటర్లు. మొదలు ఎదుటినుండి చూచిన 21, ప్రక్కనుండి చూచిన 9 మాత్రమే. చిక్కంతయు ఈ రెండంకెల నడుమనే యున్నది.

బడిలో పనిచేయువారికి తనిఖీ యన నేమో చెప్పనక్కఱ లేదు. అధికారి వచ్చుటకు వారము ముందు గోడలకు వెల్ల పడును, పటములు వ్రేలాడును, చినిగిన పుస్తకములు బీరువాలోనికి పోవును. మేము ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో నున్న దినములలో, మాదిరిపాఠమునకు ముందు తెలివైన పిల్లలను మొదటి బల్లలమీదికి జరుపుటయు చూచియున్నాము. ప్రదర్శన మనగానే చెట్టుకును ఇదే గతి పట్టుట కలదు. ఈ విద్యలో మాకంటె పెద్దలొకరు మా జువ్విని చూచి, చదునుప్రక్కను వెనుకకు త్రిప్పుడు, లేదా ఉలితో చెక్కించి గుండ్రన చేయుడు, అని సలహా యిచ్చిరి. వారి మాటలో న్యాయము లేకపోలేదు. చూపరి కన్ను మ్రాను అడుగున లావై పైకి క్రమముగా సన్నబడుటను కోరును, పలకను కోరదు.

కాని చెక్కుట జువ్వికి తగదు. షింపాకు కొయ్య గట్టిది. ఎండినభాగమునకు గంధకపు సున్నము పూసిన యెడల తెల్లగా ఏండ్లతరబడి నిలుచును. జువ్వి కొయ్య మెత్తనిది. గాయమైనచోట బెరడు మెల్లమెల్లగా మూసికొనివచ్చిన మేలే. మూసికొనులోపల నీరు నిలిచెనా, లోన క్రుళ్లును. ఇది యొక కారణము. ఇంతకంటె పెద్ద కారణము, ఆ చదునును దాచిన పిమ్మట ఆ చెట్టులో గోడ యన్నది మిగులదు. గోడ మిగులనిచో అది ఏ నర్సరీలోనైన దొరకు జువ్వియే. కావున తొట్టిలో చెట్టును కొంచెము ఏటవాలుగా త్రిప్పి, గుండ్రని ప్రక్కయు చదునుప్రక్కయు ఒక్కసారి కనబడునట్లును, మలుపు తిరిగిన వేరు ముందునకు వచ్చునట్లును నిలిపితిమి. అంతకుమించి ఆ చెట్టునకు మేము కల్పించిన రూపము లేదు.

ఇక పనులు. ప్రదర్శనము జనవరి నెలాఖరున గనుక, నవంబరు చివరివారమున ఆకులు కత్తిరించితిమి. ఎండకాలమున జువ్వి నాలుగైదు వారములలో కొత్తాకు తొడుగును. చలిదినములలో తడవు పట్టును గావున ఎనిమిది వారములు లెక్క వేసితిమి. ఆకును తొడిమతోగూడ లాగక, తొడిమను ఉంచి కత్తెరతో కోయవలెను. తొడిమ తనంతట రాలి, దాని మొదటనున్న మొగ్గ మేలుకొనును. కొత్తాకు మొదట రాగిరంగున వచ్చి, పిదప పచ్చబడి, పాతయాకుకంటె చిన్నదై యుండును. చిన్నచెట్టునకు చిన్నాకు అమరినప్పుడే అది దూరమునుండి చూచిన మహావృక్షమువలె తోచును. క్రిస్మసు సెలవులలో నీరు పోయుటకు ఇద్దఱు విద్యార్థులు వంతులు వేసికొని వచ్చిరి. ఆ పదిదినములే చిగురుకు ముఖ్యమైనవి. మెత్తని కుంచెతో తడి బెరడును తుడిచి పాచిని తీసితిమి గాని, రాతి అచ్చులలో చిక్కుకొన్న సున్నపు మరకను ముట్టలేదు. మట్టిమీది వేపపిండి యుండలను వారము ముందు తీసివేసితిమి. మూసిన గదిలో దాని వాసన నలుగురు సహింపరు. బడి వెనుకగోడ నీడన పెరిగిన నాచును పలుచగా రేకులవలె తీసి, మట్టిని తడిపి, వ్రేళ్లతో అదిమితిమి. నాచు వేళ్లమీదికి ఎక్కరాదు. వేళ్లను కప్పినచో చెట్టు దిండుమీద కూర్చున్నట్లుండును. తొట్టికి నువ్వులనూనె చుక్క రెండు చుక్కలు గుడ్డతో రుద్దవలెను. తళతళలాడునట్లు రుద్దినవారి తొట్టి మఱునాటికి దుమ్మును పట్టి నవ్వులపాలగును.

ప్రదర్శనమునకు పేర్లిచ్చినప్పుడు మావి రెండు చెట్లు. రెండవది చింత. మెట్టప్రాంతమున ఒక రైతు పొలముగట్టుమీద మేకలు మేసి మేసి గుబురైన పొట్టిచింత. రైతు తానే పొమ్మని త్రవ్వి యిచ్చెను. మేకను మించిన కత్తెర లేదని మా నమ్మకము. ఆ చింతకు ఏడవ తరగతినుండి నీరు పోసి పెంచినవాడు అప్పుడు పదవ తరగతి విద్యార్థి. దరఖాస్తులో పోషకుని పేరుండుచోట వాని పేరే వ్రాసితిమి. అక్టోబరు తుపాను వానలకు వేళ్లు దెబ్బతిని, డిసెంబరు నాటికి చెట్టు ఆకు పండబాఱి రాలసాగెను.

“జువ్వికి చేసినట్లే దీనికి కూడా ఉన్న ఆకు దూసేద్దామండి మాస్టారూ. నెలలో చిగురు వచ్చేస్తుంది. వచ్చే ఏడు నేనిక్కడ ఉండనుగదండి” అని వాడనెను.

చెట్టు ఆకు దూయుట యనగా దాని నిలువ ధనమును ఖర్చు పెట్టించుట. బలమున్న చెట్టు ఆ ఖర్చును తిరిగి సంపాదించుకొనును. ఉన్న నాలుగాకులతో వేళ్లను బాగుచేసికొనుచున్న చెట్టును అట్లు చేసినయెడల, చిగురు వచ్చినను వచ్చును, పదిదినములు పచ్చగా నుండి పీటమీద మెప్పు పొందినను పొందును; పిమ్మట చచ్చును. ఇది వానికి తెలియనిది కాదు, మేమే తరగతిలో చెప్పియుంటిమి. “లేదు నాయనా, దీనిని నీడనుండి కదపము” అంటిమి. వాడు మఱి మాటాడక కుండ తీసికొని పోయెను. మఱునాడు దరఖాస్తునుండి చింతను కొట్టివేయించి వచ్చితిమి. చింతకు బదులు జువ్వికి వాని పేరు వ్రాయవచ్చునుగదా యని సహోపాధ్యాయులొకరనిరి. వాడే యొప్పుకొనలేదు.

ప్రదర్శనశాలలో మాకు మూడడుగుల బల్ల యిచ్చిరి. వెనుక తెల్లగుడ్డ కట్టి, టేకుపీటమీద చెట్టు నుంచి, మ్రాను నడిమిభాగము నిలుచుండి చూచువారి కంటికి సమముగా నుండునట్లు బల్లను ఎత్తించితిమి. ప్రక్కన చిన్నమూకుడులో గరికదుబ్బు ఒక్కటి మాత్రము. పేరు వ్రాయు అట్టమీద వయస్సు అని యొక గడి యుండెను. చూడవచ్చినవారు మొదట అడుగునది అదియే: ఎన్నేండ్ల చెట్టు? మ్రానును కోసి వలయములు లెక్కింపవలసినదే గాని బ్రతికిన చెట్టును చూచి చెప్పుటెట్లు? జువ్వివంటి ఉష్ణదేశపు చెట్లలో కోసి చూచినను వలయములు స్పష్టముగా నుండవు. మా ప్రక్క బల్లవారు తమ మఱ్ఱికి నూఱేండ్లని వ్రాసికొనిరి. మేము “తెలియదు. లాకు గోడనుండి తీసినది, జూలై 2013” అని వ్రాసితిమి. నిర్వాహకులొకరు వచ్చి, గడి నింపకున్న బాగుండదు, ఏబదియని వేయుడు, అనిరి. గడి నిండియే యున్నదని మనవి చేసితిమి. వారికి కొంచెము కోపము వచ్చిన మాట నిజము. బహుమతి మాకు రాలేదు. అది యీ కారణముననే యని చెప్పుట న్యాయము కాదు, మూడు బల్లల కవతల ఒక రావి నిజముగా మా చెట్టుకంటె మేలైనది.

కాని చదునుప్రక్క యెదుట జనము నిలిచిరి. తాపీపని చేయు ఒక వృద్ధుడు బెరడుమీది అచ్చును వ్రేలితో చూపి, ఇది చెక్కినరాయి యంచు, ఇది సున్నపు దరువు అని తన మనుమరాలికి వివరించుచు చాలసేపుండెను. మాకు పీట వేసికొని వినవలెననిపించెను.

రెండవనాటి సాయంకాలము మా పదవ తరగతి విద్యార్థియు వచ్చెను. జనము మిక్కుటముగా వచ్చునది దీపములు వెలిగిన పిమ్మటనే. అప్పటికి ఎవరిదో చక్కని చింత ఆకులన్నియు ముడిచి, కడిగి ఆఱవేసిన తువాలవలె వ్రేలాడుచుండెను. చీకటి పడిన చింతాకు ముడుచుకొనుట సృష్టిధర్మము, ఏ నిర్వాహకుడును దానిని మేల్కొల్పలేడు. వాడు దానిని చూచి, ఆ నెలలో మొదటిసారి నవ్వి, “మనది తెచ్చినా ఈ వేళకి నిద్రపోయేదేనండి” అనెను.

ప్రదర్శనమునుండి వచ్చిన చెట్టు జబ్బుపడి లేచిన మనిషివంటిది. జువ్వి మూడుదినములు గాలి వెలుతురు సరిగా లేని గదిలో నున్నది గనుక, ఒక్కసారిగా ఎండలో పెట్టక, పదిదినములు వేపచెట్టు నీడ నుంచితిమి. నాచునంతయు గీకివేసితిమి, వేసవిలో అది పైన పచ్చగా నుండి లోపలి మట్టి యెండిన సంగతిని తెలియనీయదు. తరువాతి రెండేండ్లు దాని ఆకులు కోయగూడదని సంఘపు పుస్తకమున వ్రాసితిమి. చింత మార్చి చివర చిగిర్చెను. పరీక్షలు ముగిసిన మఱునాడు వాడు వచ్చి, దానిని నలుదెసల చూచి, తొట్టి ప్రక్కనున్న పలకను తుడిచి, ఏ నెలలో ఏ వేళ ఎంత నీరు పోయవలెనో తన తరువాతివానికై వ్రాసిపెట్టి పోయెను.